మోటు హాస్యం గ్వాంటనామో గేటు తట్టినప్పుడు

విచారణ గదిలో బల్లకు ఒకవైపు అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారి, మరోవైపు కొరియా మూలాలున్న దంపతులు కూర్చుని ఉంటారు. వాళ్ళ అబ్బాయి ఉగ్రవాది అన్న అనుమానంతో పట్టుబడ్డాడు. అధికారి తన వెంట ఒక కొరియన్ దుభాషిని తెచ్చుకున్నాడు. దంపతులు మాట్లాడేది తేటగా అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషు. తాము ఏళ్ళ తరబడి అమెరికాలోనే ఉంటున్నామని వాళ్ళు ఇంగ్లీషులోనే చెబుతారు. దుభాషి చెవి రిక్కించి వింటాడు. ఇదేదో తానెప్పుడూ వినని యాస అని, ఒక్క ముక్క కూడా అంతుపట్టడం లేదని అధికారికి నివేదిస్తాడు. అధికారి తల పంకిస్తాడు. ఆ గదిలో అందరూ మాట్లాడుతున్నది ఒకే భాష. కానీ ఎదుటివారి ముఖం చూశాక వారి నోటి నుంచి ఇంగ్లీషు రావడం సాధ్యమేనని ఆ అధికారి చెవి ఒప్పుకోదు.

2008 ఏప్రిల్ 25న అమెరికాలో విడుదలైన ‘హెరాల్డ్ అండ్ కుమార్ ఎస్కేప్ ఫ్రమ్ గ్వాంటనామో బే’ అనే సినిమాలోది ఈ సన్నివేశం. గ్వాంటనామో అంటే క్యూబాలోని అమెరికా నౌకాదళ స్థావరంలో ఉగ్రవాద అనుమానితులను ఉంచే జైలు. జాన్ హర్విట్జ్, హేడెన్ ష్లాస్‌బర్గ్ రాసి తీశారు. గంజాయి, మలమూత్రాలు, నగ్నత్వం, వరుసపెట్టి బూతులు ఉన్న సినిమా ఇది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది కానే కాదు. అయినా సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా ప్రభుత్వం తన పౌరులలోనే కొందరిని ఏ కంటితో చూసిందో ఈ చిన్న సన్నివేశం పట్టుకున్నంత సూటిగా ఆ కాలపు గంభీరమైన సినిమాలు చాలావరకు పట్టుకోలేకపోయాయి.

దీనికి కారణం ఉంది. రాజ్యాధికారం చివరికి పనిచేసేది మనిషి ఒంటి మీద. బట్టలు విప్పించి వెతకడం, మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం, నిద్ర లేకుండా చేయడం, మలమూత్రాలకు కూడా అనుమతి అడిగేలా చేయడం, ఇవన్నీ శరీరానికి జరిగే పనులు. మర్యాద భాష వీటిని కాగితాల మీద పెట్టి పదును తీసేస్తుంది. బుష్ ప్రభుత్వ కాలంలో చిత్రహింసకు ‘మెరుగుపరచిన విచారణ పద్ధతులు’ అన్న పేరు వచ్చింది ఆ విధంగానే. మోటు హాస్యానికి మొదటి నుంచీ శరీరమే సరుకు. సిగ్గు, నొప్పి, దుర్వాసన, భయంతో బట్టలు తడుపుకోవడం దానికి కొట్టిన పిండి. కాబట్టి అధికారం ఎక్కడ చేయి వేస్తుందో ఆ చోటును అది దాపరికం లేకుండా చూపగలదు. చూపినప్పుడు ఎవరి శరీరం నవ్వులపాలవుతోంది, పాలకుడిదా పాలితుడిదా అన్నదే ఇలాంటి సినిమాల విలువను తేల్చే ప్రశ్న.

ఈ సంప్రదాయం సినిమాతో పుట్టింది కాదు. క్రీస్తు పూర్వం 424లో ఏథెన్స్‌లో ఆరిస్టోఫెనీస్ ‘అశ్వికులు’ అనే నాటకం వేయించాడు. అప్పటికి నగర రాజకీయాల్లో చక్రం తిప్పుతున్న క్లియోన్‌ను అందులో ఒక దొంగ బానిసగా మార్చాడు. అతణ్ణి ఓడించడానికి తీసుకొచ్చిన వీరుడు వీధిలో మాంసపు సాసేజీలు అమ్ముకునే వాడు. ఇద్దరిలో ఎవడు ఎక్కువ సిగ్గుమాలినవాడో తేల్చుకునే పోటీయే కథ. బూతుకు లోటు లేదు. ఏథెన్స్ ఆ నాటకానికే మొదటి బహుమతి ఇచ్చింది. మన తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా మధ్యలో దూరే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు కూడా ఈ కుదురుకు చెందినవాళ్ళే. ఊరి పెద్దను ఎదురుగా నిలబడి అనలేని మాటను తెర మీది బొమ్మ అనేస్తుంది. పచ్చి మాటల నవ్వులో ఆ విసురు కలిసిపోతుంది కాబట్టి బొమ్మ వెనక ఉన్న ఆటగాడు క్షేమంగా ఇంటికి వెళ్తాడు.

అమెరికాలో ఈ రక్షణకు చట్టం మద్దతు కూడా దొరికింది. 1983లో ‘హస్ట్లర్’ అనే బూతు పత్రిక మతబోధకుడు జెర్రీ ఫాల్వెల్ మీద ఒక నకిలీ మద్యం ప్రకటన వేసింది. ఆయనకు కన్నతల్లితోనే సంబంధం అంటగట్టిన పరమ నీచమైన ఎగతాళి అది. ఫాల్వెల్ కోర్టుకు వెళ్ళాడు. 1988 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 8-0తో పత్రిక పక్షాన తీర్పిచ్చింది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ సంప్రదాయవాది, ఆ పత్రిక మీద ఏ మమకారమూ లేనివాడు. ఎవరూ నిజమని నమ్మని ఎగతాళికి, అది ఎంత అసహ్యంగా ఉన్నా, ప్రజాజీవితంలో ఉన్నవారు మనోవేదన పేరుతో పరిహారం అడగలేరని ఆయన తేల్చారు. 19వ శతాబ్దపు రాజకీయ కార్టూన్లను ఉదహరించి, అవి లేకుంటే ప్రజల చర్చ పేదదయ్యేదని రాశారు. తర్వాత వచ్చిన ప్రతి బూతు వ్యంగ్య చిత్రమూ ఈ తీర్పు నీడలోనే నిలబడింది.

కోర్టు అడ్డు తొలగినా, ఏ వయసువారు ఏ సినిమా చూడవచ్చో చెప్పడానికి సినిమా పరిశ్రమ సొంతంగా పెట్టుకున్న రేటింగ్ వ్యవస్థ మిగిలింది. 1968 నవంబరులో మొదలైన ఈ వ్యవస్థ రాజకీయాల జోలికి పెద్దగా పోదు, హింసను చాలావరకు భరిస్తుంది. శృంగారం కనిపిస్తే, బూతు వినిపిస్తే మాత్రం కత్తెర బయటికి తీస్తుంది. ట్రే పార్కర్, మాట్ స్టోన్ 1999లో తీసిన ‘సౌత్ పార్క్’ యానిమేషన్ చిత్రం ఈ వింత న్యాయాన్నే కథా వస్తువుగా తీసుకుంది. పిల్లలు బూతులు నేర్చుకున్నారని తల్లులు ఆగ్రహించి కెనడా మీద యుద్ధం తెస్తారు. ఎంత ఘోరమైన హింసైనా ఫరవాలేదు, చెడ్డ మాట మాత్రం వినపడకూడదని అందులో ఒక తల్లి బల్లగుద్ది చెబుతుంది. కొలంబైన్ పాఠశాలలో కాల్పులు జరిగి అప్పటికి రెండున్నర నెలలు కూడా కాలేదు. ఆ వాక్యం అప్పుడెంత గట్టిగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

2001 తర్వాత వాతావరణం బిగుసుకుంది. దాడులు జరిగిన కొద్ది రోజులకే టీవీ వ్యాఖ్యాత బిల్ మార్ చేసిన ఒక వ్యాఖ్య దుమారం రేపింది. అమెరికన్లు ఏం మాట్లాడుతున్నారో చూసుకోవాలని అధ్యక్ష భవనం ప్రతినిధి ఆరి ఫ్లైషర్ హెచ్చరించారు. మార్ కార్యక్రమం మరుసటి ఏడాది ఆగిపోయింది. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు అధ్యక్షుడి మీద ఒక్క మాట అన్నందుకు డిక్సీ చిక్స్ అనే గాయనుల బృందం పాటలను రేడియో కేంద్రాలు పక్కన పెట్టాయి. ఇదే కాలంలో, 2001 నవంబరులో మొదలైన ‘24’ అనే ధారావాహిక ఇంటింటా పేరు తెచ్చుకుంది. అందులో కథానాయకుడు అనుమానితులను హింసించి నిజం రాబడతాడు, దేశాన్ని కాపాడతాడు. ఆ పద్ధతి చూసి శిక్షణలో ఉన్న యువ సైనికులు తప్పుదారి పడుతున్నారని, కాస్త తగ్గించమని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి ఒక బ్రిగేడియర్ జనరల్ స్వయంగా వెళ్ళి నిర్మాతలను అడగవలసి వచ్చింది. ఆ ధారావాహిక మర్యాదస్తుల కార్యక్రమం. దాని మీద బూతు ముద్ర పడలేదు.

కాల్ పెన్ అనే నటుడి ప్రయాణాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. న్యూజెర్సీలో గుజరాతీ కుటుంబంలో పుట్టినవాడు. అసలు పేరు కల్పెన్ సురేష్ మోదీ. 2007లో ‘24’లో అతనికి దక్కింది ఒక కుటుంబాన్ని బందీ చేసే ఉగ్రవాద కుర్రాడి వేషం. హెరాల్డ్, కుమార్‌ల గంజాయి హాస్య చిత్రాల్లో దక్కింది కుమార్ పటేల్ పాత్ర. చదువు ఎగ్గొట్టే, ఆకలేసే, ప్రేమించే, నోటికొచ్చింది వాగే మామూలు అమెరికన్ కుర్రాడు. గౌరవనీయమైన నాటకం అతని చేతికి తుపాకీ ఇచ్చింది. అసహ్యమైన హాస్యం అతణ్ణి మనిషిగా చూసింది. దేశాంతరం వెళ్ళిన పిల్లల గురించి ఆలోచించే తెలుగు కుటుంబాలు ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు.

ఇరాక్ యుద్ధకాలంలో మొదట బరిలోకి దిగినవాళ్ళు పార్కర్, స్టోన్‌లే. 2004 అక్టోబరు 15న, అధ్యక్ష ఎన్నికలకు మూడు వారాలు కూడా లేని సమయంలో, ‘టీమ్ అమెరికా: వరల్డ్ పోలీస్’ వచ్చింది. నటులందరూ తీగలతో ఆడే బొమ్మలే. తొలి సన్నివేశంలోనే ఉగ్రవాదులను పట్టే పేరుతో అమెరికా వీరులు పారిస్ నగరాన్ని నేలమట్టం చేస్తారు. ఐఫిల్ టవర్ కూలుతుంది, లూవ్రు మ్యూజియం పేలిపోతుంది. చివరికి చుట్టూ శిథిలాలలో నివ్వెరపోయి నిలుచున్న ఫ్రెంచి జనానికి, ఉగ్రవాదులను ఆపేశాం అని చిరునవ్వుతో చెబుతారు. యుద్ధోన్మాదం మీద ఇంతకంటే పదునైన ఆరంభం దొరకడం కష్టం. రేటింగ్ బోర్డుకు మాత్రం ఈ విధ్వంసం అడ్డు కాలేదు. రెండు బొమ్మల మధ్య శృంగార సన్నివేశం మీదే పేచీ వచ్చింది, దానికే పదే పదే కత్తెరలు పడ్డాయి.

ఆ పదును సినిమా అంతా నిలవలేదు. ఎన్నికల ఏడాది వచ్చిన ఈ రాజకీయ చిత్రంలో అమెరికా అధ్యక్షుడు ఎక్కడా కనిపించడు. యుద్ధానికి ఆజ్ఞ ఇచ్చినవాడు, దానికి సాకులు అల్లినవాళ్ళు తెర మీదికే రారు. వాళ్ళ బదులు యుద్ధాన్ని వ్యతిరేకించిన హాలీవుడ్ తారల బొమ్మలు ఒక్కొక్కటిగా దారుణంగా చస్తాయి. ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీ అధికారి హన్స్ బ్లిక్స్‌ను నాటి ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఇల్ సొరచేపలకు ఆహారంగా వేస్తాడు. ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాల జాడ దొరకలేదని భద్రతామండలికి నివేదించి, తనిఖీలకు ఇంకా గడువు కావాలన్న మనిషి బ్లిక్స్. 2004 అక్టోబరు నాటికి ఆయన సందేహమే నిజమని తేలింది కూడా. నిజం చెప్పినవాణ్ణి చేపలకు వేసి, అబద్ధం ఆడినవారిని తెర బయట దాచిన వ్యంగ్యాన్ని సాహసం అనడం తగదు. అందరినీ సమానంగా తిట్టాం అన్న వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అధికారం సమానంగా పంచి లేని చోట తిట్లు సమానంగా పంచితే లాభపడేది పైవాడే.

నాలుగేళ్ళ తర్వాత వచ్చిన హెరాల్డ్, కుమార్‌ల రెండో చిత్రం ఈ విషయంలో చాలా దూరం ముందుకు వెళ్ళింది. హెరాల్డ్ లీగా జాన్ చో నటించాడు. ఇద్దరూ ఆమ్‌స్టర్‌డామ్ బయలుదేరతారు. విమానాశ్రయంలో కుమార్‌ను ‘యాదృచ్ఛిక’ తనిఖీకి పక్కకు పిలుస్తారు. నా రంగు చూసే ఆపారు అని అతను గొడవపడతాడు, అక్కడున్న నల్లజాతి అధికారితో కూడా వాదిస్తాడు. గెలిచి బయటపడతాడు. అతని దగ్గర గంజాయి ఉన్న మాట నిజం. అంటే రచయితలు తమ కథానాయకుణ్ణి కడిగిన ముత్యంలా నిలబెట్టలేదు. తప్పు చేస్తున్నవాడికి కూడా హక్కులుంటాయన్న మాటను ఉపన్యాసం లేకుండా మన ముందు పెట్టారు. హక్కుల గురించి మాట్లాడే సినిమాలు సాధారణంగా నిష్కళంకుడైన బాధితుణ్ణి ఎంచుకుంటాయి, ఆ తేలిక దారిని ఇది వదులుకుంది.

విమానం గాలిలోకి లేచాక ఒక వృద్ధురాలు కుమార్ వంక చూస్తుంది. ఆమె కంట్లో అతను గడ్డంతో, తలపాగాతో, వికటంగా నవ్వుతున్న ఉగ్రవాదిగా మారిపోతాడు. కాసేపటికి మరుగుదొడ్డిలో గంజాయి గొట్టంతో పట్టుబడతాడు. దాని పేరు బాంబు అన్న మాటకు దగ్గరగా వినిపిస్తుంది. అరుపులు, తోపులాట, చేతులకు సంకెళ్ళు. మరునాటికి ఇద్దరూ విచారణ గదిలో ఉంటారు. ఒకడు ఉత్తర కొరియా మనిషి, ఇంకొకడు అల్ ఖైదా మనిషి, రెండు పక్షాలూ కలిసి పన్నిన కుట్ర ఇదేనని అధికారి రాన్ ఫాక్స్ ఆనందపడతాడు. రాబ్ కార్డ్రీ పోషించిన ఈ పాత్రే సినిమాకు ఆయువుపట్టు. న్యాయవాది కావాలని, మాకు హక్కులున్నాయని వాళ్ళు అడిగితే, ఫాక్స్ ఆ హక్కులు రాసి ఉన్న కాగితంతో తన పృష్ఠం తుడుచుకుంటాడు. ఇంతకంటే నీచమైన చేష్ట ఉండదు. కానీ గ్వాంటనామోలో అప్పటికి ఆరేళ్ళుగా జరుగుతున్నదానికి ఇది అక్షరాలా బొమ్మ కట్టడమే.

ఆ జైలు తెరిచింది 2002 జనవరి 11న. మొదటి రోజు 20 మందిని తెచ్చారు. మొత్తం మీద దాదాపు 780 మందిని అక్కడ ఉంచారు. చాలామంది మీద నేరారోపణ అన్నది లేనే లేదు. తమను ఎందుకు పట్టుకున్నారో అమెరికా కోర్టులో అడిగే హక్కు వాళ్ళకు ఉందని సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది 2008 జూన్ 12న, అంటే ఈ సినిమా విడుదలైన ఏడు వారాలకు. రాజ్యాంగం గుమ్మం దగ్గరే ఆగిపోయిన ప్రదేశం అదని న్యాయనిపుణులు వందల పేజీల్లో వాదిస్తున్న సమయంలో, ఒక బూతు చిత్రం దాన్ని ఒకే ఒక్క చేష్టతో లక్షల మంది కుర్రకారుకు చూపించింది. వాళ్ళలో ఎంతమంది ఆ కోర్టు తీర్పు పేరు విని ఉంటారు?

ఫాక్స్ విచారణ పద్ధతులు కూడా అలాంటివే. యూదులు డబ్బాశపరులన్న మూస నమ్మకంతో, కథానాయకుల యూదు మిత్రులను మాట్లాడించడానికి వాళ్ళ ముందు నాణేల సంచి పెడతాడు. నల్లవాళ్ళకు అదంటే ప్రాణమన్న అలాంటి నమ్మకంతోనే, నల్లజాతి సాక్షిని లొంగదీయడానికి ద్రాక్ష రుచి సోడాను అతని కళ్ళెదుట నేలపాలు చేస్తాడు. ఆ సాక్షి నిజానికి దంతవైద్యుడు. ఈ మనిషి హెరాల్డ్, కుమార్‌లకు అంతకుముందే ఎదురవుతాడు. పరుగులో ఉన్న కారు వీధి పంపును గుద్దుకుంటుంది, కొందరు నల్లజాతి యువకులు చేతుల్లో ఇనుప సామానుతో వాళ్ళ వైపు నడిచి వస్తారు. ఇద్దరూ హడలిపోయి పారిపోతారు. వచ్చినవాళ్ళు కారు బాగుచేయడానికి వచ్చారు. తమ ముఖాలు చూసి ఉగ్రవాదులన్నారని పొద్దున ఆక్రోశించిన ఇద్దరూ సాయంత్రానికి ఇంకొకరి ముఖం చూసి దొంగలనుకున్నారు. ఈ సినిమాలో నిజంగా లోతైన ఘట్టం ఇదే. పక్షపాతాన్ని ఒక దుష్ట అధికారి నెత్తిన రుద్ది ప్రేక్షకుణ్ణి నిర్దోషిగా ఇంటికి పంపడానికి ఇది ఒప్పుకోదు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళలో నల్లవాళ్ళ గురించి దొర్లే మాటలు విన్నవారికి ఈ సన్నివేశం ముల్లులా గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా.

విమానంలోని వృద్ధురాలి చూపు సినిమాలో నవ్వించింది. బయట అది ప్రాణాలు తీసింది. దాడులు జరిగిన నాలుగో రోజే, 2001 సెప్టెంబరు 15న, అరిజోనాలోని మీసాలో తన పెట్రోలు బంకు ముందు నిలుచున్న సిక్కు వ్యాపారి బల్బీర్ సింగ్ సోధిని తలపాగా చూసి కాల్చి చంపారు. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం అంతటివారికి 2011లో న్యూయార్క్ విమానాశ్రయంలో కోటు, బూట్లు విప్పించి తనిఖీ చేశారు. తర్వాత అమెరికా విచారం తెలిపింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథ్‌లో, పని ముగించుకుని స్నేహితుడితో కలిసి బార్‌లో కూర్చున్న హైదరాబాద్ ఇంజనీరును ఒక మాజీ నావికాదళ సైనికుడు కాల్చి చంపాడు. స్నేహితుడూ తెలుగువాడే, గాయాలతో బయటపడ్డాడు. అడ్డుపడిన స్థానికుడికీ తూటా తగిలింది. తాను ఇరానీయులను కాల్చానని ఆ హంతకుడు తర్వాత వేరే చోట చెప్పుకున్నాడు. చంపినవాడి కంటికి అక్కడ ఒక తెలుగు ఇంజనీరు కనిపించనే లేదు. తొమ్మిదేళ్ళ ముందే ఒక బూతు సినిమా ఈ గుడ్డితనానికి అచ్చంగా ఇదే రూపం కట్టి చూపించింది.

అయినా ఈ సినిమా మోసిన మెచ్చుకోళ్ళతో పాటు దాని తప్పునూ చెప్పాలి. గ్వాంటనామోలో కథానాయకులు ఉండేది కొద్ది నిమిషాలే. అక్కడి కాపలావాళ్ళు ఖైదీలను లైంగికంగా లొంగదీసుకుంటారన్నదే ఆ కొద్ది నిమిషాల హాస్యం. ఇరాక్‌లో అమెరికా సైన్యం నడిపిన అబూ గ్రెయిబ్ జైలు ఫొటోలు 2004 ఏప్రిల్‌లో బయటపడి, నగ్న ఖైదీల గుట్టలను లోకమంతా చూసిన తర్వాత తీసిన సన్నివేశం ఇది. నిజంగా జరిగిన అవమానం ఇక్కడ కేవలం మగవాళ్ళ భయం మీద వేసిన పాత జోకుగా కుదించుకుపోయింది. పక్క గదుల్లోని మిగతా ఖైదీలకు ముఖాలు లేవు. మన ఇద్దరు కుర్రాళ్ళు పొరపాటున వచ్చారు కాబట్టి అది అన్యాయం. మిగతావాళ్ళ సంగతి సినిమా పట్టించుకోదు. ఎవరి శరీరం అన్న ప్రశ్న ఇక్కడ తిరగబడుతుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. చివర్లో వాళ్ళు ఆకాశం నుంచి జారి సరాసరి టెక్సాస్‌లో జార్జ్ బుష్ ఇంట్లో పడతారు. జేమ్స్ ఏడోమియన్ పోషించిన ఈ బుష్ మంచివాడు, అమాయకుడు, తండ్రికి జడిసే కొడుకు. వాళ్ళతో కలిసి గంజాయి కాలుస్తాడు, క్షమాభిక్ష పెట్టి పంపిస్తాడు. దుర్మార్గమంతా ఫాక్స్ అనే మూర్ఖపు అధికారి ఖాతాలో పడిపోయింది. రాజు మంచివాడే, మంత్రులే చెడ్డవాళ్ళు అన్న పాత జానపద కథ ఇది. గ్వాంటనామోను తెరిచిన ఆదేశాల మీద సంతకం చేసిన చేతికే కథానాయకులు కృతజ్ఞతలు చెప్పుకుని బయటపడతారు. హక్కుగా దక్కాల్సిన స్వేచ్ఛ రాజుగారి దయగా మారింది. మోటు హాస్యానికి ఉన్న పెద్ద బలహీనత ఇదే. ఎవరినైనా తనతో పాటు బురదలోకి లాగి నవ్వించిన తర్వాత అతన్ని ద్వేషించడం దానికి చేతకాదు. పాలకుణ్ణి కిందికి దించబోయి, మన పక్కింటివాడిగా ముద్దు చేసి వదిలేస్తుంది. 1.2 కోట్ల డాలర్లతో తీసిన ఈ చిత్రం అమెరికాలోనే 3.8 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆ ప్రేక్షకులలో బుష్ అభిమానులు కూడా నొచ్చుకోకుండా నవ్వుకుని వెళ్ళి ఉండవచ్చు.

సాషా బారన్ కోహెన్ ‘బోరాట్’ 2006 నవంబరులో వచ్చింది. దీని పద్ధతి వేరు. కజకస్థాన్ విలేకరి వేషంలో నటుడు నిజమైన మనుషుల మధ్యకు వెళ్తాడు. వర్జీనియాలోని సేలంలో గుర్రపు, ఎద్దుల స్వారీ పోటీల మైదానంలో మైకు పట్టుకుని అమెరికా యుద్ధానికి మద్దతు పలుకుతాడు. జనం చప్పట్లు కొడతారు. ఇరాక్‌లోని ప్రతి మగవాడి, ఆడదాని, బిడ్డ నెత్తురు బుష్ తాగుగాక అంటాడు. అప్పుడూ చప్పట్లు వినిపిస్తాయి. రచయిత ఎవరూ రాయని సమాధానం అది. అధ్యక్షుణ్ణి అనుకరించడం కన్నా, ఆ అధ్యక్షుడికి బలమిచ్చిన జనసమ్మతిని నెత్తుటి భాషలో బయటికి లాగడం పెద్ద పని.

కానీ అదే చిత్రం తొలి సన్నివేశాల్లో ‘కజకస్థాన్ పల్లె’గా చూపింది రొమేనియాలోని గ్లోద్ అనే నిరుపేద గ్రామాన్ని. అది జిప్సీలుగా పిలిచే రోమా జనం ఉండే ఊరు. తమ బతుకుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నారని నమ్మామని గ్రామస్థులు తర్వాత వాపోయారు. ఒక చేయి లేని మనిషి తన మొండి చేతికి తగిలించిన వస్తువు లైంగిక బొమ్మ అని తనకు తెలియదని విలేకరులకు చెప్పాడు. వాళ్ళు అమెరికా కోర్టు గడప తొక్కినా ఫలితం దక్కలేదు. ఇది వ్యంగ్యం కాదు, దోపిడీ. సేలంలో చప్పట్లు కొట్టినవారి దగ్గర ఓటు ఉంది, సైన్యం ఉంది, ప్రభుత్వం ఉంది. గ్లోద్‌లోని మనిషి దగ్గర ఉన్నది తన శరీరం ఒక్కటే, దాన్నే నవ్వులాటకు వాడుకున్నారు. కజకస్థాన్ ప్రభుత్వం మొదట మండిపడినా, 2020లో ఆ సినిమాలోని మాటనే తన పర్యాటక నినాదంగా చేసుకుంది. ప్రభుత్వాలకు అలా సర్దుకునే వీలుంటుంది.

ఇక పాలకుడి శరీరాన్నే గురిపెట్టిన సినిమాకు ఏమైందో 2014 చూపించింది. సోనీ స్టూడియో తీసిన ‘ది ఇంటర్వ్యూ’లో ఇద్దరు టీవీ మనుషులు ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్‌ను హత్య చేయడానికి వెళ్తారు. బతికున్న, పదవిలో ఉన్న నాయకుడి పేరు మార్చకుండా అతని మరణాన్ని చూపించారు. ఇది యుద్ధచర్యతో సమానమని ఆ దేశం జూన్‌లోనే ప్రకటించింది. నవంబరు 24న సోనీ కంప్యూటర్లు హ్యాకర్ల వశమయ్యాయి. డిసెంబరు 16న సినిమాహాళ్ళకు బెదిరింపులు వచ్చాయి, మరునాడు సోనీ విడుదల ఆపేసింది. అది పొరపాటని అధ్యక్షుడు ఒబామా బహిరంగంగా అన్నారు. చివరికి డిసెంబరు 24న ఇంటర్నెట్‌లో, 25న కొద్ది వందల చిన్న థియేటర్లలో చిత్రం బయటికి వచ్చింది. ఈలోగా నిరసనగా పాత ‘టీమ్ అమెరికా’ను వేస్తామని కొన్ని థియేటర్లు ముందుకొస్తే, దాని యజమాని పారామౌంట్ ఒప్పుకోలేదు.

సినిమాగా చూస్తే ‘ది ఇంటర్వ్యూ’ గొప్పదేమీ కాదు. మలద్వారపు హాస్యం సగం నిడివిని తినేస్తుంది. ఒక ఘట్టం మాత్రం మనసులో నిలుస్తుంది. నిండుగా కళకళలాడుతూ కనిపించిన కిరాణా దుకాణంలోకి కథానాయకుడు వెళ్ళి పండు చేతిలోకి తీసుకుంటే అది నకిలీది. ఆకలితో ప్రజలను చంపిన పాలనకు తెర మీద ఇంతకంటే సూటి సాక్ష్యం అక్కరలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం ఆ దేశపు శిబిరాల మీద, ఆకలి మీద వందల పేజీల నివేదిక ఇచ్చింది. చదివినవారు కొద్దిమంది. ఆ నకిలీ పండును చూసినవారు అంతకన్నా ఎక్కువే ఉంటారు. దక్షిణ కొరియాలో ఉంటున్న ఉత్తర కొరియా కాందిశీక కార్యకర్తలు 2015లో ఈ సినిమా డీవీడీలను బెలూన్లకు కట్టి సరిహద్దు దాటించారు. ఇలాంటి విదేశీ సినిమా చూడడమే నేరమైన చోటికి దాన్ని చేర్చడానికి వాళ్ళు తెగించారంటే, అందులోని అల్లరి వెనక తమ బాధ వాళ్ళకు కనిపించి ఉండాలి.

మరి ఉత్తర కొరియానే ఎందుకు ఎంచుకుంటారు? అక్కడ హాలీవుడ్‌కు టికెట్ అమ్ముడుపోదు కాబట్టి. 2012లో వచ్చిన ‘రెడ్ డాన్’ అనే యుద్ధచిత్రంలో దండెత్తే సైన్యం మొదట చైనాది. చిత్రీకరణ అంతా ముగిశాక, చైనా మార్కెట్ పోతుందన్న భయంతో జెండాలను, చిహ్నాలను కంప్యూటర్‌తో మార్చి ఉత్తర కొరియా సైన్యంగా చూపించారు. ‘ది ఇంటర్వ్యూ’ విషయంలోనూ జపాన్‌లోని సోనీ మాతృసంస్థ అధిపతి కజువో హిరాయ్ కిమ్ మరణ దృశ్యాన్ని మెత్తబరచమని కోరినట్టు, స్టూడియో ఆ మేరకు మార్పులు చేసినట్టు హ్యాకర్లు బయటపెట్టిన ఈమెయిళ్ళలోనే ఉంది. అదే ఈమెయిళ్ళ గుట్టలో మరో సంగతి కూడా దొరికింది. ‘పిక్సెల్స్’ అనే హాస్యచిత్రంలో గ్రహాంతరవాసులు చైనా మహాకుడ్యానికి రంధ్రం కొట్టే సన్నివేశం ఉండేది. చైనాలో విడుదలకు ఇబ్బంది అవుతుందన్న సలహా రావడంతో సోనీ దాన్ని తీసేసింది. 2015లో ఆ చిత్రం ప్రేక్షకుల ముందుకు వచ్చినప్పుడు తాజ్ మహల్ మీద దాడి ఉంది, వాషింగ్టన్ స్మారక స్తంభం కూలడం ఉంది, చైనా గోడకు మాత్రం గీత కూడా పడలేదు.